సైలెన్సర్ కోసినవాడిని వదిలి పాత కారును ఆపితే ఎలా?

సంపాదకులకు,

అయ్యా,

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎవరో కార్లను గిరగిరా తిప్పిన వీడియో బయటికి వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు హడావుడి నడుస్తుంది. ఆ తర్వాత కార్లంటే ఇష్టపడేవాళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తారు. 2025 ఫిబ్రవరిలో శంషాబాద్ దగ్గరి విన్యాసాలు వార్తల్లోకి ఎక్కినప్పుడూ ఇదే తంతు. అసలు కార్ల మీట్‌లనే, అంటే కార్లంటే ఇష్టపడేవాళ్లు ఒకచోట చేరే కూడికలనే, నిషేధించాలన్న మాట ఇప్పుడు పెద్దమనుషుల నోట కూడా వినిపిస్తోంది. ఆ మాట మీదే ఈ ఉత్తరం.

నా దగ్గర 1978 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. మనవాళ్లకు ఫియట్ అంటేనే తెలుస్తుంది. ఒక ఆదివారం ఉదయం దాన్ని మీట్‌కు తీసుకువెళుతుంటే కూడలిలో పోలీసులు ఆపి, "రేసుకేనా?" అని అడిగారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ, చలికాలంలో చోక్ లాగితే గానీ మేలుకోని కారు అది. దానితో పందెం కట్టాలంటే అవతలివాడు సైకిల్ మీద రావాలి.

అయితే అడిగినవారి అనుమానం గాలిలోంచి పుట్టలేదు, అది ఒప్పుకోవాలి. మీట్ అంటే పెద్ద రహస్యమేమీ కాదు. తెల్లవారుజామున ఏదో ఒక మాల్ పార్కింగ్‌లోనో హోటల్ ఆవరణలోనో కార్లు చేరతాయి. బానెట్లు లేస్తాయి, టీలు తాగుతారు, ఎండ ముదరకముందే ఎవరి దారిన వాళ్లు పోతారు. లోపల ఉన్నంతసేపూ అందరూ మర్యాదస్తులే. గేటు దాటాకే అసలు గొడవ. రోడ్డు పక్కన ఫోన్లు పైకెత్తి నిలబడ్డ కుర్రాళ్లను చూడగానే స్టీరింగ్ ముందున్నవాడికి పూనకం వస్తుంది. యాక్సిలరేటర్ బలంగా నొక్కుతాడు, టైర్లు పొగలు కక్కుతాయి, సైలెన్సర్ పటపటా పేలుతుంది.

ఆ పేలుళ్లను ఇంజను బలం అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది ఇంధనం వృథా కావడం. ఇంజనును నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పిస్తారు. కాలు తీసినప్పుడు ఆగిపోవలసిన పెట్రోలు ఆగదు, నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది, సిలిండర్‌లో మండవలసినది గొట్టంలోకి వచ్చి మండుతుంది. పొగలోని విషాలను తగ్గించడానికి కంపెనీ అమర్చిన కెటలిటిక్ కన్వర్టర్ ఆ వేడికి పాడైపోతుంది. చాలామంది దాన్ని ముందే కోయించి పక్కన పడేస్తారు. ఇంత చేసినా కారుకు అదనంగా చేకూరే వేగం ఏమీ లేదు. పక్క అపార్ట్‌మెంట్‌లో పసిబిడ్డ నిద్ర మాత్రం చెడుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ అంకె ఈ కార్లు నడిపేవాళ్లలో ఎందరికి తెలుసో!

అమెరికాలో ఇలాంటి కూడికల నుంచి వెళ్తూ వెళ్తూ ఫోర్డ్ మస్టాంగ్‌లు జనం మీదికి దూసుకెళ్లడం ఎంత మామూలు అయిపోయిందంటే, దాని మీద జోకులు పుట్టాయి. మస్టాంగ్ ఏ పాపమూ చేయలేదు. ఇంజను బలమంతా వెనుక చక్రాలకు వెళ్లే కారు, ఇంకా వేడెక్కని టైర్లు, జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్స్‌ను ఆపేసిన డ్రైవరు, రెండు వైపులా ఫోన్లు. ఇవన్నీ ఒకచోట కలిస్తే ఏ కంపెనీ కారైనా కాలిబాట ఎక్కుతుంది. మనకు కాలిబాటలు కూడా అంతంతమాత్రం.

పాత కార్ల కూడికల్లో ఈ బెడద ఎందుకు లేదు? మేం మంచివాళ్లం కావడం వల్ల కాదు. అక్కడ చూడవచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు వేరు. కార్బురేటర్ పాతదేనా, డోరు రబ్బర్లు ఎక్కడ దొరికాయి, ఈ రంగు కంపెనీ వేసినదేనా అని అడుగుతారు. ఇంజను ఎంత నెమ్మదిగా, కుదురుగా తిరుగుతోందో చెవి పెట్టి వింటారు. కుదురుగా తిరిగే ఇంజనుకు మెప్పు దక్కేచోట ఎవరూ దాన్ని అరిపించరు.

మా దగ్గర వేరే రకం డాబు ఉంది, దాచను. హైదరాబాద్‌లో నాలుగు పాత కార్లు చేరితే అందులో మూడు నిజాం వాడినవే అంటారు! నిజంగా నిజాం కుటుంబానిదైన కారు చూడాలంటే చౌమహల్లా పాలెస్‌కు వెళ్లండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ అక్కడ ఉంది. 1912 నాటిది. అది తయారై వచ్చేసరికి ఆయన లేరు. ఏడో నిజాం కూడా దాన్ని దర్బారు వేడుకలకే తప్ప పెద్దగా తిప్పలేదంటారు.

రాజుల కార్లను భద్రపరచడానికి ఎవరో ఒకరు ఉంటారు. నా బెంగ మామూలు కార్ల గురించి. బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్, ముంబైలో తయారైన పద్మిని, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. మన కలెక్టర్లు, డాక్టర్లు, సినిమా కంపెనీలు, పెళ్లివారు తిరిగినవి ఇవే. 1982లో రాష్ట్రమంతా చుట్టి వచ్చిన చైతన్యరథం కూడా మొదట ఒక పాత షెవర్లే వ్యానే. విజయవాడ ఆటోనగర్‌లో, రాణిగంజ్‌లో వీటి నాడి తెలిసిన మేస్త్రులు ఇంకా ఉన్నారు. ఇంజనులో నిప్పురవ్వకు వేళ కుదిర్చే పాయింట్ల మధ్య ఖాళీని గేజు లేకుండా చూపుతోనే సరిచేసేవాళ్లు, టింకరింగ్‌లో సుత్తి దెబ్బ కనపడనివ్వనివాళ్లు. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు.

చట్టం ఈ కార్లను ఎలా చూస్తోందో చెబుతాను. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడని బండికి ఆ హోదా దొరుకుతుంది. కొత్తగా నమోదైతే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, ముందే నమోదైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు. రోజువారీ పనులకు తిప్పకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో మరమ్మతుకో తీయవచ్చు. మంచి నియమాలే, తప్పుబట్టను. కానీ 50 ఏళ్లు నిండేదాకా ఏమిటి? పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లనే చాలంటుంది. ఇక్కడ 15 దాటాక కారును వయసుతోనే కొలుస్తారు. ఏళ్ల తరబడి కన్నబిడ్డలా చూసుకున్న బండికీ, పొగ చిమ్ముతూ రోడ్డున పడి తిరిగే బండికీ అదే రుసుము, అదే చూపు. ఆ నడుమనే ఎన్నో కార్లు తుక్కు కింద పోతున్నాయి. నా పద్మినికి ఇంకా 50 నిండలేదు. మారుతి 800లలో మొట్టమొదటివాటికి 2033 దాకా ఆగాలి, అప్పటికి ఎన్ని మిగులుతాయి?

30 నుంచి 50 ఏళ్ల మధ్య కార్లకు ఒక ప్రత్యేక వర్గం పెట్టమని కేంద్రాన్ని అడగవలసిన బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలది. ఏటా తిరిగే కిలోమీటర్ల మీద పరిమితి పెట్టండి, ఫిట్‌నెస్ పరీక్ష కఠినంగా చేయండి, మాకు అభ్యంతరం లేదు.

ఇక గేటు బయట గొడవ చేసేవాళ్ల సంగతి. వాళ్ల కోసం కొత్త చట్టం అక్కరలేదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అనుమతి లేని మార్పులకు 52, 182ఏ సెక్షన్లు, శబ్దానికి, పొగకు 190వ సెక్షన్ ఉన్నాయి. లేనిది వాడే తీరిక. స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించి ఫొటోలు తీయించడం చూస్తుంటాం. ఆ మర్నాడే అవే సైలెన్సర్లు దుకాణాల ముందు వేలాడుతుంటాయి. మీట్ ముగిసే వేళకు గేటు బయట శబ్దం కొలిచే మీటరుతో ఇద్దరు సిబ్బంది నిలబడితే, అందరినీ ఆపే అవసరం రాదు. నంబరు ప్లేటు ఎవరిదో వాళ్లకే చలానా.

నిర్వాహకులకూ బాధ్యత ఉంది. పేర్లు నమోదు చేసుకోకుండా, ఎవరు వస్తే వాళ్లను రానిచ్చి, గొడవ జరిగాక "వాళ్లు మావాళ్లు కాదు" అనడం కుదరదు. వెళ్లేటప్పుడు అల్లరి చేసిన కారుకు మళ్లీ ప్రవేశం లేదని మొదటే చెప్పాలి, చెప్పిన మాట మీద నిలబడాలి. ఆ కారు యజమాని ఎంతటివాడి కొడుకైనా సరే. చిక్కంతా అక్కడే ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ప్రభుత్వం కూడా కొంత చోటు ఇవ్వాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసి, 2.8 కిలోమీటర్ల దారి సిద్ధం చేసి ఫార్ములా ఈ పోటీ జరిపించిన నగరం ఇది. అందుకు నెలల తరబడి ట్రాఫిక్ కష్టాలు పడ్డాం. అదే నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజాను నెలకొక ఆదివారం ఉదయం కార్ల కూడికకు ఇవ్వడం అంత కష్టమా? అందరి కళ్ల ముందు, వేళాపాళా పెట్టి జరిగేదానికి పోలీసుల పని కూడా తేలికవుతుంది. వేగం కావాలనే పిల్లలను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పంపండి. అక్కడ హెల్మెట్ పెట్టుకుని, పక్కన అంబులెన్స్ ఉండగా, గడియారంతో పోటీ పడితే తమకు కారు నడపడం ఎంత వచ్చో మొదటి మలుపులోనే తెలుస్తుంది. ఆ కుర్రాళ్లలో నిజంగా పని తెలిసినవాళ్లు ఉన్నారు. ఇంజను విప్పి మళ్లీ బిగించగలరు, నాకు దొరకని ఫియట్ విడిభాగాలను వెతికి తెచ్చిపెట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లను రోడ్డు మీద రౌడీలతో కలిపి తిట్టడం అన్యాయం.

చివరిగా పత్రికలకూ చానళ్లకూ ఒక మనవి. విన్యాసాల వీడియోను సంగీతం జోడించి పదేపదే తిప్పితే, గేటు బయట ఫోను పట్టుకుని నిలబడ్డ కుర్రాడికీ మీకూ తేడా ఏముంది? కారు పేరూ దాని ధరా మొదటి వరుసలో వేస్తారు. వేయవలసింది కేసు పెట్టిన సెక్షను, ఆర్నెల్లయ్యాక ఆ కేసు ఏమైందన్న వార్త. శంషాబాద్ కేసుతోనే మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారేడ్‌పల్లి, సికింద్రాబాద్