నా తేలు బండిని మళ్లీ రోడ్డెక్కించిన వాళ్లకు

దారిలో వేడెక్కి ఆగిపోయి, తొమ్మిది రోజులు కోదాడ షెడ్డులో ఉన్న నా కారుని నిన్న రాత్రి పదకొండు దాటాక ఇంటికి తెచ్చేశాను. హైదరాబాద్ దాకా టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే నిలబడింది. హయత్‌నగర్ ట్రాఫిక్‌లో పావుగంట ఇరుక్కున్నా కదల్లేదు. తొమ్మిది రోజులుగా రోజూ ఫోన్ చేసి "పార్ట్ వచ్చిందా అక్కా", "కూలెంట్ లైనులో గాలి పోయిందా" అని అడుగుతున్న వాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం ఎటూ తక్కువే అవుతుంది కాబట్టి అందరికీ ఇక్కడే చెబుతున్నాను.

తెలియని వాళ్ల కోసం బండి సంగతి ముందు. నాది 2016 మోడల్ అబార్త్ పుంటో. అబార్త్ అంటే ఫియట్ వాళ్ల స్పోర్ట్స్ కార్ల బ్రాండు, దాని గుర్తు తేలు. చూడటానికి మామూలు ఫియట్ పుంటోలాగే ఉంటుంది, తేడా అంతా బానెట్ కింద ఉంది. 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజను, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 2015 అక్టోబరులో ఇది వచ్చినప్పుడు షోరూమ్ ధర పది లక్షల లోపే. ఆ డబ్బుకి అంత శక్తి ఉన్న హ్యాచ్‌బ్యాక్ అప్పుడు మన దేశంలో ఇంకోటి లేదు. అయినా పెద్దగా అమ్ముడుపోలేదు, కొన్నేళ్లకే ఆగిపోయింది. నేను 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బరువైన ఆ స్టీరింగ్, రెండున్నర వేల ఆర్‌పీఎం దాటగానే వీపుని సీటుకి అదిమే ఆ ఊపు నాకు ఇప్పటికీ పాతబడలేదు.

మే మూడో వారంలో విజయవాడలో పిన్ని వాళ్ల గృహప్రవేశం. అమ్మ, నేను పొద్దున్నే బయలుదేరాం. సూర్యాపేట దాటి, మునగాల కూడా దాటాక ముల్లు సగం గీత మీద నుంచి కొంచెం పైకి లేచింది. ఏసీ ఆపాను. ఇంకాస్త లేచింది. అంతే, పక్కకు తీసి ఇంజను ఆపేశాను. బానెట్ ఎత్తగానే కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) కాలిన ఆ తియ్యటి వాసన. రిజర్వాయర్‌లో నీళ్లు అడుక్కి పోయాయి.

మొదటి కృతజ్ఞత అక్కడ టీ కొట్టు నడిపే పెద్దమ్మకి. బిందెడు నీళ్లు తెచ్చిచ్చింది, నేను మూత మీద గుడ్డ వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు తియ్యకు బిడ్డా, మొహం కాల్తది. మా ఆయన లారీ డ్రైవరు, నాకు తెల్సు." నలభై నిమిషాలు అమ్మని నులకమంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. వాళ్ల మనవడు బండి చుట్టూ తిరిగి తేలు బొమ్మలు లెక్కపెట్టాడు: ముందొకటి, వెనకొకటి, స్టీరింగ్ మీదొకటి, చక్రాల మధ్యలో ఒక్కోటి. తేలు ఎందుకు పెట్టారని అడిగితే అమ్మే చెప్పింది, ఈ కంపెనీ పెట్టినాయన, కార్లో అబార్త్ అని ఆయన పేరు, నవంబరులో పుట్టాడని, వాళ్ల లెక్కలో అది వృశ్చిక రాశి అని. నేనెప్పుడో చెప్పింది ఆవిడకి ఇంకా గుర్తుంది.

మెకానిక్‌ని పిలిపించింది కూడా పెద్దమ్మే. కోదాడలో ఆయన షెడ్డు. చేసేది ఎక్కువగా బొలెరోలు, టాటా ఏస్‌లు. ఇలాంటి ఇంజను ఎప్పుడూ విప్పలేదని ముందే చెప్పాడు. టార్చి పెట్టి, అద్దం ముక్క పట్టుకుని, థర్మోస్టాట్ హౌసింగ్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు ఉండే గూడు) అంచున వెంట్రుక మందం పగులు చూపించాడు. చుట్టూ ఎండిన కూలెంట్ పొడి తెల్లగా పేరుకుని ఉంది. అంటే ఎన్నాళ్ల నుంచో ఊరుతోందన్నమాట. తర్వాత డిప్‌స్టిక్ లాగి, గుడ్డ మీద ఆయిల్ చుక్క రాసి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. మారలేదు. హెడ్ (ఇంజను పై భాగం) కింద ఉండే గాస్కెట్ బతికింది.

అప్పుడు ఆయన అన్న మాట నేను మర్చిపోలేను. "ఎం-సీల్ కొట్టి పంపియ్యొచ్చు చెల్లెమ్మా. విజయవాడ దాకా పోతది కూడా. నడిమిట్ల హెడ్ పోయిందనుకో, ఈ బండికి హెడ్ యాడికెళ్లి తెస్తవు?" అప్పటికప్పుడు రెండు వేలు తీసుకుని పంపేయగలిగిన మనిషి. అలా చేయలేదు. బండిని తాడు కట్టి లాక్కెళ్లి షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పాడు. మమ్మల్ని బైకుల మీద బస్టాండుకి పంపాడు. ముహూర్తానికి అందలేదు గానీ భోజనాల వేళకి చేరాం.

ఇక పార్ట్ వేట. ఫియట్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. అది డీజిల్ వాళ్లకు నిజమే. 1.3 మల్టీజెట్ ఇంజను స్విఫ్ట్‌లో ఉంది, ఇండికా విస్టాలో ఉంది, ప్రతి ఊళ్లో దానికి సామాను ఉంటుంది. టీ-జెట్ పెట్రోల్ అలా కాదు. మన దగ్గర లినియా టీ-జెట్, అబార్త్ పుంటో, అబార్త్ ఇంజను పెట్టిన అవెంచురా, అబార్త్ 595 లాంటి కొద్ది కార్లకే వచ్చింది. జీప్ కంపాస్‌లో ఉన్నదీ 1.4 టర్బోయే కదా అని ఒకరు ఆశ పెట్టారు. అది మల్టీఎయిర్ అనే వేరే రకం, హెడ్డే వేరు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి ఫియట్ మన మార్కెట్ నుంచి తప్పుకుంది. ఒక డీలరు మూడు రోజులు "రేపు చెప్తాం" అని, నాలుగో రోజు స్టాకు లేదన్నారు. ఆ రాత్రి నాకు నిజంగా భయమేసింది. ఇలా షెడ్లలో ఆగి, చివరికి తుక్కు కింద పోయిన బండ్లు నాకు తెలుసు.

కూకట్‌పల్లిలో ఉండే తమ్ముడికి (ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ నడుపుతాడు) చెప్పాను. అతను తనకు తెలిసిన ఫియట్ వాళ్లందరికీ ఆఫీసు పని పక్కన పెట్టి ఫోన్లు చేశాడు. ఐదో రోజు కోయంబత్తూరులో ఒక లినియా టీ-జెట్ ఓనర్ దొరికారు. తన బండి కోసం కొని దాచుకున్న కొత్త హౌసింగ్ ఒకటి ఆయన దగ్గర ఉంది. పార్ట్ నంబర్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి అంకె అంకె చూసుకున్నాం. సరిపోయింది. ఎంతకిస్తారని అడిగితే 2021 నాటి బిల్లు ఫోటో పంపి, "ఇంతే, కొరియర్ నాది" అన్నారు. సార్, మీ బండికి రేపు అదే పగిలితే మీకు ఇంకోటి లేదు. అది తెలిసే ఇచ్చారు. నాకు తమిళం రాదు, మీకు తెలుగు రాదు, ఫోన్లో నేను సరిగ్గా చెప్పలేకపోయిన మాట ఇక్కడ చెబుతున్నాను. ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తారని ఆశ.

పార్సిల్ విప్పినప్పుడు షెడ్డులో నేనూ ఉన్నాను. తమిళ పేపర్లో మూడు చుట్లు, లోపల హౌసింగ్, కొత్త గాస్కెట్, వాటితో పాటు నేను అడగని రెండు క్లిప్పులు. అట్టపెట్టె మూత లోపలి వైపు మార్కర్‌తో బోల్టులు ఏ వరుసలో బిగించాలో చిన్న బొమ్మ.

బిగించడం గంటన్నరలో అయిపోయింది. అసలు పని ఆ తర్వాతే. కూలెంట్ లైనులో గాలి బుడగ మిగిలితే ఇంజను మళ్లీ వేడెక్కుతుంది. పుణెలో ఉండే ఒక రిటైర్డ్ టెక్నీషియన్ గారు గంటా ఇరవై నిమిషాలు వీడియో కాల్‌లో కూర్చున్నారు. హీటర్ ఫుల్ వేడిలో పెట్టించి, గాలి స్క్రూ వదులు చేయించి, కూలెంట్ సన్నటి ధారగా పోయించారు. బుడగలు ఆగి ఏకధారగా వచ్చేదాకా స్క్రూ బిగించనివ్వలేదు. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాకే "అబ్ జావో బేటీ" అన్నారు. ఆయన హిందీ మెకానిక్ అన్నకి సగమే అర్థమైంది. చేతుల సైగలతో మిగతా సగం నడిచిపోయింది.

అన్న మొత్తానికి తీసుకున్నది 1,200. తొమ్మిది రోజులు షెడ్డులో ఉంచినందుకు రూపాయి అడగలేదు. బలవంతంగా ఇవ్వబోతే, "ఒక్క రౌండు నడపనియ్యి చాలు" అన్నాడు. హైవే దాకా తనే నడిపాడు. టర్బో అందుకోగానే నవ్వాడు, తిరిగొచ్చేదాకా ఆ నవ్వు పోలేదు. వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ కొట్టు దగ్గర ఆగాను. మనవడు పక్క సీట్లో కూర్చున్నాడు, సర్వీస్ రోడ్డు మీద రెండు రౌండ్లు తిప్పాను.

ఇటలీలో ఉన్న మా కజిన్ ద్వారా హౌసింగులు రెండు ఆర్డర్ పెట్టాను. ఒకటి నేరుగా కోయంబత్తూరు వెళ్తుంది. రెండోది ఆ అట్టపెట్టెలోనే, ఆ బొమ్మతో సహా, మా ఇంట్లో ఉంటుంది. టీ-జెట్ నడిపే వాళ్లలో ఎవరి బండి ఎక్కడ ఆగినా నాకు ఫోన్ చేయండి, అదే రోజు కొరియర్ చేస్తాను.