మార్కెట్ ధరల్లో కోకో రేటు కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఏలూరు జిల్లా, కామవరపుకోట దగ్గర ఊరు, పన్నెండేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాం. ఊళ్లో మా బాబాయి కోకో పండిస్తాడు, చాక్లెట్ చేసేది ఆ గింజలతోనే. సీజన్‌లో పొద్దున్నే ఆరింటికల్లా ఫోన్ చేస్తాడు, అమ్మాయ్ రాత్రి న్యూయార్క్ మార్కెట్లో కోకో ఎంతకి ఆగిందో చూసి చెప్పమ్మా అని. గింజలు కొనడానికి వచ్చేవాళ్లకి ఆ రేటు తెలుసు, అమ్మే మా బాబాయికి తెలీదు. మీ పేపర్లో మిర్చి, పత్తి, పసుపు, ఆఖరికి కోడిగుడ్డు ధర కూడా వేస్తారు, కోకో మాత్రం నాకెప్పుడూ కనబడలేదు, అందుకే ఈ ఉత్తరం.

దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రాలోనే, అదీ ఎక్కువగా గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా. ఇక్కడ మా ఆఫీసులో చెప్తే నిజమా, చాక్లెట్ మన దగ్గర పండుతుందా అంటారు. కాయల్ని కర్రతో కొట్టి పగలగొడతారు, కత్తి పెడితే గింజ తెగుతుంది. తెల్లటి గుజ్జుతోనే గింజల్ని బుట్టల్లో పోసి అరిటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెట్టాలి, మధ్యలో తిరగెయ్యాలి, అప్పుడు చెయ్యి పెడితే చుర్రుమంటుంది, ఆ పుల్లటి వాసన పెరడంతా ఉంటుంది. తర్వాత వారం రోజులు ఎండ. మే నెలలో మబ్బు పట్టిందంటే మా పిన్ని అన్నం ముందు నుంచి లేచి పరదాలు పట్టుకుని పరిగెడుతుంది.

2024లో ఐవరీ కోస్ట్, ఘానాలో పంట దెబ్బతింది, ప్రపంచంలో సగానికి పైగా కోకో ఆ రెండు దేశాలదే కాబట్టి టన్ను 10 వేల డాలర్లు దాటింది, బాబాయి కిలో 900కి అమ్మాడు. మరుసటి ఏడు వేసవిలో న్యూయార్క్ రేటు 8 వేల దగ్గర ఉంది, అంటే కిలో 680 రూపాయలు, కానీ కొనడానికొచ్చినాయన 500 కూడా ఇవ్వనన్నాడు. పైగా తేమ ఉందన్నాడు, గింజ కోసి లోపల ఊదా రంగు చూపించి సరిగ్గా పులవలేదన్నాడు. అంతకు ముందేడు అలాంటి గింజల్నే మారు మాట్లాడకుండా ఎత్తుకెళ్లారు. రైతులు రోడ్డెక్కాక గానీ ప్రభుత్వం కలగజేసుకోలేదు, కంపెనీలు 450, ప్రభుత్వం 50 కలిపి కిలోకి 500 అన్నారు.

బంజారాహిల్స్ షాపుల్లో విదేశీ చాక్లెట్ల మీద ఫెయిర్‌ట్రేడ్ ముద్ర, అంటే రైతుకి కనీస ధర ఇచ్చి కొన్నారని చెప్పే గుర్తు, చూస్తుంటాం కదా, 2019లో వాళ్లు పెట్టిన లెక్క ప్రకారం కోకో ధర టన్నుకి 2400 డాలర్లకి తగ్గకూడదు, మార్కెట్ అంతకన్నా ఎక్కువుంటే ఆ ఎక్కువే ఇవ్వాలి, దాని మీద ఇంకో 240 డాలర్లు రైతుల సంఘానికి వెళ్తాయి, బడికో మంచినీళ్లకో వాళ్లే తేల్చుకుంటారు. దాంతో ఐవరీ కోస్ట్, ఘానా రైతుల కష్టాలు తీరిపోయాయని నేననడం లేదు, ఆ రెండు దేశాల్లో 15 లక్షల మందికి పైగా పిల్లలు కోకో పనిలో ఉన్నారని 2020లో నివేదిక వచ్చింది, అది చదివిన రోజు నాకు చాక్లెట్ నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. కూలీకి డబ్బుల్లేకే కదా పిల్లల్ని తోటలోకి దింపేది. అయినా ఇంతకన్నా తగ్గదు అన్న మాట పంటకి ముందే ఉంటే రైతుకి ఎంత ధైర్యమో, మా బాబాయికి ఆ మాట చెప్పినవాళ్లే లేరు. మా తోటలో పైన కాసే కొబ్బరికి, ఎండు కొబ్బరి చేసి అమ్మితే, కేంద్రం మద్దతు ధర ఉంది, దాని నీడలో కాసే కోకోకి లేదు.

మద్దతు ధర ఇవ్వడం మీ చేతిలో లేదు, కానీ రేటు వెయ్యడం మీ చేతిలోనే ఉంది. కోతల రోజుల్లో మార్కెట్ పేజీలో రెండే లైన్లు చాలండీ, న్యూయార్క్ ధర కిలోకి రూపాయల్లో, ఏలూరు వైపు ఆ రోజు కొంటున్న ధర. మా బాబాయికైతే నేనున్నాను, పొద్దున్నే లేపి అడగడానికి సిటీలో మనిషి లేని రైతులు ఆ చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్