ఏడు పళ్ళా, మూడు పళ్ళా? రాసివ్వమనండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో దంతాల గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి రాయాలనుకుంటున్నాను, ఇవాళ్టికి కుదిరింది. ఈ తరం పిల్లలు కూల్ డ్రింకులు తాగి పళ్ళు పాడు చేసుకుంటున్నారని, నొప్పి పుట్టేదాకా డాక్టర్ దగ్గరికి పోరని రాశారు. మొదటి మాట ఒప్పుకుంటాను. నాకు 25 ఏళ్ళు. నాలుగేళ్ళుగా హాస్టల్లో ఉంటున్నాను. రోజుకు నాలుగు చాయ్‌లు తాగుతాను, రాత్రి బ్రష్ చేయకుండా పడుకున్న రోజులే ఎక్కువ. రెండో మాట మాత్రం ఒప్పుకోను. నేను నొప్పి ముదరకముందే వెళ్ళాను. వెళ్ళాక ఏం జరిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

జూన్‌లో ఒకరోజు ఐస్‌క్రీమ్ తింటుంటే ఎడమ దవడ పన్ను జివ్వుమంది. మర్నాడే ఆఫీసు దగ్గర ఉన్న ఒక క్లినిక్‌కి పోయాను. చిన్న అద్దం పెట్టి రెండు నిమిషాలు చూశారు. ఎక్స్‌రే తీయలేదు. ఏడు పళ్ళు పుచ్చాయన్నారు. రెండింటికి రూట్ కెనాల్ చేసి, అంటే లోపలి నరం తీసేసి, క్యాప్ వేయాలట, ఐదింటికి ఫిల్లింగ్. మొత్తం 31 వేలు. ఈ రోజే మొదలుపెడితే రెండు వేలు తగ్గిస్తామన్నారు. నా జీతం 24 వేలు. ఏ పన్నుకి ఎంతో రాసివ్వండని అడిగితే, కౌంటర్లో ఉన్నమ్మాయి విజిటింగ్ కార్డు వెనక 31,000 అని వేసి ఇచ్చింది. ఏ పన్నో లేదు, ఎందుకో లేదు.

పది రోజులు ఆ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఇంటికి చెప్తే అమ్మ లవంగం పెట్టుకోమంది. చివరికి మా ఆఫీసులో ఒకావిడ "తమ్ముడూ, డబ్బు కట్టకముందు ఇంకోచోట చూపించుకో" అని తనకు తెలిసిన డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన ఎక్స్‌రే తీసి, తెర మీద నాకే చూపించి చెప్పారు. పుచ్చినవి మూడు. పుచ్చు పన్ను పైపొర అయిన ఎనామిల్ దాటింది గానీ లోపలి నరం దాకా పోలేదు కాబట్టి రూట్ కెనాల్ అక్కర్లేదు, సిమెంటు పెడితే, అంటే ఫిల్లింగ్ చేస్తే చాలు అన్నారు. మరి మిగతా నాలుగు? అవి మచ్చలు.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు. చిన్నప్పుడు బోరు నీళ్ళే తాగాం. నా ఈడు వాళ్ళలో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చిన మచ్చలవి, పుచ్చు కాదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మా దగ్గర అంతకు మించి ఉన్న బోర్ల నీళ్ళతోనే తరాలు గడిచాయి. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నల్లగొండకు వంద కిలోమీటర్ల దూరంలో కూర్చున్న పళ్ళ డాక్టర్ ఆ మచ్చను పుచ్చుగా లెక్కేసి బిల్లు వేయొచ్చా? తెలియక వేసినా తప్పే, తెలిసి వేస్తే ఇంకా పెద్ద తప్పు.

మూడు ఫిల్లింగులూ రెండుసార్లలో అయిపోయాయి. మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చి, పుచ్చిన మేర తీసేసి, పన్ను రంగు పదార్థం పొరలు పొరలుగా పెట్టి నీలం లైటుతో గట్టిపరిచారు. రంగు కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్నచోట అరగదీశారు. మొత్తం 3,900. ఇంత చిన్న పనికి నేను పది రోజులు భయపడ్డాను.

కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. దాని కింద 2012లో వచ్చిన నిబంధనల్లో, ఏ చికిత్సకు ఎంత తీసుకుంటారో అందరికీ కనబడేచోట, స్థానిక భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ పెట్టాలని ఉంది. నేను వెళ్ళిన రెండు చోట్లా అలాంటి బోర్డు లేదు. మంగలి షాపులో కటింగ్ ఎంతో గోడ మీద ఉంటుంది. ఇరానీ హోటల్లో చాయ్ ధర కౌంటర్ మీదే కనబడుతుంది. నోట్లో డ్రిల్లు పెట్టే చోట ఎందుకు ఉండదు? ఉందో లేదో వచ్చి చూసే అధికారి ఎవరు? ఫుట్‌పాత్ మీద బండ్లు తీయించడానికి వచ్చినంత తొందరగా ఇక్కడికీ రావాలి కదా.

ఇంకో మాట. బడి పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పళ్ళు కూడా చూస్తారు. అది 18 ఏళ్ళ వరకే. ఆ తర్వాతే మేం ఇల్లు వదిలి హాస్టళ్ళలో పడతాం, తిండి మారుతుంది, అప్పుడు అడిగే దిక్కుండదు. హెల్త్ ఇన్సూరెన్స్ చాలా వరకు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఫిల్లింగుకి రాదు. టూత్‌పేస్టు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషం. కానీ పడిన గుంత పేస్టుతో పూడదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది, దంత వైద్య కళాశాలల్లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ ఖర్చుకే చేస్తారు. ఈ సంగతి మా హాస్టల్లో ఒక్కడికీ తెలియదు. బస్తీ దవాఖానాల్లో వారానికి ఒక్క సాయంత్రమైనా పళ్ళ డాక్టర్‌ని కూర్చోబెడితే, సెలవు పెట్టలేని మాలాంటి వాళ్ళు నొప్పి రాకముందే చూపించుకుంటారు. ఎనామిల్‌లో నరం ఉండదు కాబట్టి పుచ్చు మొదలైనప్పుడు ఏమీ తెలియదు. తట్టుకోలేనంత నొప్పి పుట్టేసరికి చాలాసార్లు సిమెంటుతో పోయే దశ దాటిపోతుంది. మీ వ్యాసంలో ఇది కూడా రాసి ఉండాల్సింది.

నా గదిలో ఉండే కుర్రాడు మూడు నెలలుగా కుడివైపే నములుతున్నాడు. నాకు చెప్పిన 31 వేల సంగతి విన్నాక ఏ క్లినిక్ మెట్లూ ఎక్కనంటున్నాడు. వచ్చే శనివారం వాణ్ణి నేనే తీసుకెళ్తున్నాను. ఏ పన్నుకి ఏం చేస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకున్నాకే కుర్చీలో కూర్చోమని చెప్పాను.

— ఒక ప్రైవేటు ఉద్యోగి,
అమీర్‌పేట, హైదరాబాద్