చిలగడదుంప నిల్వ తీగ నాటిన నాడే తేలుతుంది

సంపాదక మహాశయులకు నమస్కారం.

శివరాత్రి వెళ్లిన కొద్ది రోజులకే చిలగడదుంప కుళ్లుతోందంటే, శీతల గిడ్డంగులు లేకపోవడమే కారణమని చెప్పడం పరిపాటి అయింది. దుంపను ఏళ్లుగా పండిస్తున్న నాకు మాత్రం అసలు కారణం నాటే తేదీలో కనిపిస్తోంది.

రబీలో అక్టోబరు, నవంబరు నెలల్లో నాటిన తీగ 105 నుంచి 120 రోజులకు తవ్వకానికి వస్తుంది. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న పడింది గనుక ఆనాటి ఉపవాస గిరాకీని అందుకోవాలంటే 2025 అక్టోబరు చివరికల్లా నాటాలి. సరిగ్గా ఆ అక్టోబరు 28వ తేదీనే మొంథా తుపాను తీరం దాటింది. తీగ నాటే మట్టికట్టల (బోదెల) మధ్య నీరు నిలిచి నాటు నవంబరు నడిమికి జరిగితే దుంప మార్చికి గాని చేతికి రాదు. అప్పుడు పోయేది పండుగ ధర ఒక్కటే కాదు. నేల వేడెక్కితే తీగ సాగుతుంది గాని దుంప ఊరదు. తడి ఆరి నేల బీటలిస్తే ఆ పగుళ్ల గుండా దుంపను తొలిచే ముక్కు పురుగు దిగుతుంది. పైకి సన్నని రంధ్రమే కనిపించినా లోపలంతా చేదెక్కిన ఆ దుంపను పశువులు సైతం ముట్టవు, పైగా కొట్లో పోసిన రాశిలోనూ పురుగు పెరుగుతూనే ఉంటుంది.

ఇక గిడ్డంగి సంగతి. బంగాళాదుంప విత్తనాన్ని దాచే 2 నుంచి 4 డిగ్రీల చలిలో చిలగడదుంప చెడిపోతుంది. 12 డిగ్రీల లోపు కొన్నాళ్లుంటే లోపల గట్టిపడి, ఉడికించినా మెత్తబడదు. దానికి కావలసింది 13 నుంచి 15 డిగ్రీలు. అంతకు ముందు, తవ్విన వెంటనే 30 డిగ్రీల వేడిలో, 85 నుంచి 90 శాతం తేమలో నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే తవ్వుడు గాయాలు మాని తోలు గట్టిపడుతుంది. ఆ వేడి మనకు ఖర్చు లేకుండానే దొరుకుతుంది. నీడ, తడిపిన గోనెలు సమకూర్చుకుంటే చాలు. ఇంత సులువైన పనిని వదిలి, దుంపను కడిగి మెరిపించి బస్తాకెత్తడం మన అలవాటు.

కనుక ఉద్యాన శాఖ ఏటా సెప్టెంబరులోనే, వర్ష సూచనను బట్టి, జిల్లాలవారీగా నాటు గడువులను ప్రకటించాలని, ఆలస్యంగా నాటినవారికి పగుళ్లు మూసుకునేలా మట్టి ఎగదోయడం, తడి ఆరకుండా చూడడం గురించి వెంటనే సూచనలివ్వాలని, తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ సిఫారసు చేసే, ముక్కు పురుగును వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలను రైతు సేవా కేంద్రాల్లో నాటు వేళకే అందుబాటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక దుంపసాగు రైతు,
తూర్పు గోదావరి జిల్లా