శనివారం వంటకీ, పరీక్షకీ రండి

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు మన బడి వంటశాలలో తోటకూర పప్పు వండి చూపిస్తాం. పక్క గదిలో ఏఎన్ఎం గారు క్యాన్సర్ పరీక్షలు చేస్తారు. రెండూ ఒకేరోజు కావాలనే పెట్టాం. మంచి తిండి కొన్ని క్యాన్సర్ల ముప్పు తగ్గిస్తుంది గానీ, నోట్లో ఇప్పటికే లేచిన మచ్చని ఏ పప్పూ మాన్పదు.

నలుగురికి కొలత: కందిపప్పు ఒక గ్లాసు, తోటకూర 400 గ్రాములు, టమాటాలు రెండు, నూనె రెండు చిన్న చెంచాలు, ఉప్పు తలగొట్టి ఒక చిన్న చెంచా. ఆకుని కడిగాకే తరగాలి. తరిగి కడిగితే విటమిన్ సి నీళ్ళలో పోతుంది. పప్పు మెత్తబడ్డాక ఆకు వేసి, మూతపెట్టి ఐదారు నిమిషాలు ఉంచితే చాలు. ఉప్పు ఆఖర్న. చప్పగా ఉందనిపిస్తే నిమ్మకాయ పిండండి, ఉప్పు డబ్బా తీయకండి. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములే, అంటే ఆ చిన్న చెంచాడే. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల ఉప్పూ అందులోదే. చాలా ఇళ్ళలో లెక్క తప్పేది ఇక్కడే: కూరలో తగ్గిస్తారు, ఊరగాయ రెండోసారి వడ్డిస్తారు. ఉప్పులో ఊరినవి ఎక్కువైతే కడుపు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

చిక్కీకి వాడే పల్లీల్లో బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పారేయండి. వేయిస్తే బూజు చస్తుంది, అది వదిలిన అఫ్లటాక్సిన్ అనే విషం మాత్రం పూర్తిగా పోదు. దెబ్బ కాలేయానికి.

ఇక పరీక్షలు. 30 ఏళ్ళు దాటిన అందరికీ నోరు, ఆడవాళ్ళకి రొమ్ము కూడా చూస్తారు. కట్టుడు పళ్ళుంటే తీసి, నోరు పుక్కిలించి రావాలి. మన శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పుని నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని తప్పక తీసుకురండి. వాళ్ళకి మచ్చ అంగిట్లో వస్తుంది, తల వెనక్కి వాల్చి టార్చి వేస్తే గానీ కనపడదు.

గర్భాశయ ముఖద్వార పరీక్షకి బల్లా, మరుగూ కావాలి కాబట్టి బడిలో పెట్టలేదు, పీహెచ్‌సీకి చీటీ రాసిస్తారు. అక్కడ ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేదే) అద్ది, నిమిషం ఆగి చూస్తారు. ఫలితం అప్పుడే చెబుతారు. తెల్లబడితే క్యాన్సరని కాదు, పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపించుకోవాలని. నెలసరి రోజుల్లో కుదరదు, తగ్గాక వెళ్ళండి.

వచ్చేటప్పుడు మీ ఇంటి ఉప్పు చెంచా తెచ్చుకోండి. అందరి చెంచాలూ ఒకలా ఉండవు, మీదాంట్లో ఎన్ని గ్రాములు పడుతుందో సైన్సు ల్యాబు త్రాసు మీద తూచి చెబుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు