దర్బారులో ఇచ్చిన అర్జీలు ఏమవుతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

పుష్య అమావాస్య వచ్చిందంటే మీ పేపర్లో మన ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండులు చేసే నాగోబా జాతర ఫొటోలు నిండుగా వేస్తారు, బాగుంటాయి కూడా. గోండుల్లో మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు తేవడం, మర్రిచెట్ల కింద బస, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్, అన్నీ రాస్తారు. జాతరలో అధికారులు కూర్చుని జనం అర్జీలు తీసుకునే దర్బారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ నాయకుడు వచ్చాడు, ఏం హామీ ఇచ్చాడు, అంతే.

అసలు దేవుడి జాతరలో దర్బారు ఎందుకు పెట్టారో ఉట్నూరులోనే చాలామంది పిల్లలకు తెలియదు. 1940లో జోడేఘాట్ కాల్పుల్లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో చూసి రమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో మకాం పెట్టి గోండులతో కలిసి బతికాడు, భూములకు పట్టాల్లేకపోవడం, ఫారెస్టోళ్లు, షావుకార్లు పెట్టే బాధలు (మాదీ షావుకార్ల ఇల్లే, ఒప్పుకోవాలి) దగ్గరుండి చూశాడు. కచేరీ గడప తొక్కాలంటేనే భయపడే జనం జాతరకైతే బండ్లు కట్టుకుని మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు కదా, అధికారులే ఇక్కడికొచ్చి కూర్చుని వాళ్ల గోడు వినాలని ఆ 1940ల్లోనే దర్బారు మొదలుపెట్టించాడు. ఆయనా ఆయన భార్యా ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి.

మా నాన్న చాలా ఏళ్లు ఆ జాతరలో గాజుల దుకాణం పెట్టేవారు, చిన్నప్పుడు నేనూ వెళ్లి చలికి వణుకుతూ గాజుల పెట్టెల మధ్యే పడుకునేవాణ్ణి. ఏడాదికి సరిపడా గిన్నెలు, దుప్పట్లు, ఇనుప సామాను అక్కడే కొనుక్కుని పోయేవాళ్లు. మొక్కు, బేరం, అర్జీ మూడూ ఒక్క రాకతో అయిపోయేవి.

నాన్న స్నేహితుడు, కొలాం తెగ పెద్దాయన ఒకాయన, తమ గూడేనికి బోరు వేయించమని వరసగా మూడేళ్లు దర్బారులో అర్జీ ఇచ్చాడు. మూడోసారి కాయితం నేనే రాసిపెట్టాను. తీసుకున్నాయన రెండేళ్ల పాతవి అడగలేదు, చూడనూ లేదు, "చూస్తాం పో" అని కట్టలో పెట్టేశాడు. మరి ఆ కట్ట ఎటు పోతుంది?

అందుకే అడుగుతున్నాను. ఈసారి దర్బారు వార్త పక్కన చిన్న డబ్బా కట్టి, పోయినేడు ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని తేలాయి, తేలనివి ఎవరి టేబుల్ మీద ఉన్నాయి, ఈ మూడు ముక్కలు వేయండి. మీ విలేఖరి అడిగితే లెక్క చెప్పక తప్పదు, మేము అడిగితే రేపు రమ్మంటారు. స్టేజీ ఫొటో సైజు కాస్త తగ్గిస్తే చోటు అదే దొరుకుతుంది.

– ఒక పాఠకుడు, ఉట్నూరు