ఇంగ్లిష్ ల్యాబులో వినడానికి మనిషి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల నుంచి వచ్చి హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ చేరే పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారే. వారి ఇంగ్లిష్ మెరుగుపరచడానికి కాలేజీలు కంప్యూటర్ ల్యాబులు పెట్టడం మంచిదే. అక్కడ జరగవలసిన అసలు పని చాలాచోట్ల జరగడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ సిలబస్‌లో ఇంగ్లిష్ ల్యాబుకు రెండు భాగాలున్నాయి. మొదటి దానిలో కంప్యూటర్ సాయంతో ధ్వనులు, ఉచ్చారణ సాధన చేయాలి; రెండో దానిలో విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడాలి. చాలా తెలివైన ఏర్పాటు ఇది. ఆచరణకు వచ్చేసరికి అనేక కాలేజీల్లో మొదటిది హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవడంగా, రెండోది రికార్డు పుస్తకం నింపి సంతకం పెట్టించుకోవడంగా మిగులుతోంది.

యంత్రం నిజంగా చేయగలిగే మేలు ఏమిటో చెబుతాను. ఇంగ్లిష్‌లో రికార్డ్ అనే మాట నామవాచకమైతే ఊనిక, అంటే ఒత్తి పలకడం, మొదట, క్రియ అయితే చివర పడుతుంది. ఊనికను బట్టి అర్థం మారడం తెలుగులో లేదు కాబట్టి మన పిల్లల చెవికి ఆ తేడా తొందరగా అందదు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తమ గొంతు రికార్డు చేసి నమూనా గొంతుతో పోల్చుకుంటే తేడా చెవికి వినపడటమే కాదు, తెర మీది గీతల్లో కంటికీ కనపడుతుంది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన ఒక విద్యార్థిని తరగతిలో నోరు విప్పేది కాదు. ల్యాబులో మాత్రం ఒకే వాక్యాన్ని చెప్పడం, వినడం, చెరిపేసి మళ్లీ చెప్పడం, అటెండర్ తాళం చెవులతో వచ్చి నిలబడేదాకా ఆమె ఆపలేదు. నలుగురూ నవ్వుతారన్న భయం లేనిచోట ఎంత పట్టుదల బయటికి వస్తుందో ఆ రోజు చూశాను.

రాయడం నేర్పడానికీ ఇలాంటి దారి ఉంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో వాడుకలోని ఇంగ్లిష్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, దాని ఆధారంగా 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చారు. అక్కడే పనిచేసిన టిమ్ జాన్స్, అలా ఎక్కించిన ఇంగ్లిష్‌లో ఒకే మాట వచ్చే వాక్యాలను వరుసగా విద్యార్థుల ముందు పెట్టి నియమాన్ని వారినే పట్టుకోమన్నారు. డిస్కస్ పక్కన అబౌట్ రాయవద్దని మేము ఏళ్ల తరబడి ఎర్ర సిరాతో దిద్దుతున్నాం. దాదాపు పది కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే వాడుక ఇంగ్లిష్ సేకరణలో ఆ క్రియ ఉన్న వాక్యాలను విద్యార్థి స్వయంగా వెతికి చదివితే, మా దిద్దుబాటు కంటే అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

అయితే ఉచ్చారణకు మార్కు వేసే సాఫ్ట్‌వేర్ ఆ మార్కు ఎందుకు తగ్గిందో మన పిల్లలకు అర్థమయ్యేలా చెప్పలేదు. “నాలుక ఇక్కడ ఆనించమ్మా” అని పక్కన నిలబడి చూపించేది అధ్యాపకులే. అరవై మంది తలా రెండు నిమిషాలు రికార్డు చేస్తే వినడానికే రెండు గంటలు కావాలి, తప్పులు గుర్తించి రాయడానికి మరికొంత. ఆ సమయం ఏ టైంటేబుల్‌లోనూ లేదు. కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేసే అధ్యాపకులకైతే ఆ పనికి జీతమే లేదు. అందుకే పిల్లల గొంతులు వినేవారు లేక కంప్యూటర్లలోనే ఉండిపోతున్నాయి.

కాబట్టి రికార్డింగులు విని దిద్దే సమయాన్ని కాకతీయ, జేఎన్‌టీయూ అధికారులు, రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యాపకుల వర్క్‌లోడ్‌లో చేర్చాలని కోరుతున్నాను. కొత్త కంప్యూటర్లకు టెండర్లు పిలిచే ముందే ఇది జరగాలి. బస్సు పాసులతో పల్లెల నుంచి వచ్చిపోయే పిల్లలకు సాయంత్రం ఆగే వీలుండదు కనుక, మధ్యాహ్న భోజన విరామంలోనూ ల్యాబు తెరిచి ఉంచేలా ఆదేశాలివ్వాలి.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ అధ్యాపకుడు,
హనుమకొండ